జాడ చెప్పాల్సింది ఎవరు?

గల్లంతు. సర్కారు కాగితాల్లో ఇంతకంటే సులువైన మాట ఇంకోటి లేదు. జవాను చనిపోయాడని రాస్తే శవం చూపాలి. శత్రువుకు చిక్కాడని రాస్తే విడిపించుకు రావాలి. పారిపోయాడని రాస్తే రుజువు పెట్టాలి. గల్లంతయ్యాడని రాస్తే ఎవరూ ఏమీ చేయనక్కర లేదు. ఫైలు మూయనక్కర లేదు, తెరవనక్కర లేదు. అది అట్లా బీరువాలో పడి ఉంటుంది, ఇంట్లో తల్లి గడప మీద కూర్చుని ఉంటుంది.

ఈ మాట అర్థం మన ప్రాంతానికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నాటి నుంచి ఎంతమంది తల్లులు కొడుకు ఫొటో కొంగున కట్టుకుని ఠాణా నుంచి ఠాణాకు తిరిగారో ఈ ఊళ్లకు తెలుసు. ఆ తర్వాత గల్ఫ్ వచ్చింది. కోరుట్ల నుంచి, సిరిసిల్ల నుంచి, గోదావరి ఒడ్డున ఎల్లంపల్లి నీళ్లు భూములను మింగిన వెల్గటూర్ నుంచి పిల్లలు ఎడారికి పోయారు. నెలనెలా వచ్చే ఫోను ఒక నెల రాకపోతే ఇంటిల్లిపాదికీ బువ్వ ఎందుకు దిగదో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కనుక యుద్ధానికి పోయి జాడ లేకుండా పోయిన సిపాయి తల్లి గోస ఏమిటో మన పాఠకులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. చెప్పాల్సింది వేరే ఉంది. ఆ తల్లికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది, అది ఎందుకు నెరవేరడం లేదు అన్నది.

ముందు తిరిగొచ్చిన వాడి కథ చూద్దాం. 1999 మే 27. కార్గిల్ యుద్ధంలో వైమానిక దాడులు మొదలై రెండో రోజు. బటాలిక్ సెక్టారులో రాకెట్లు వదిలిన మిగ్-27 విమానం ఇంజన్ ఆగిపోయింది. దాన్ని నడుపుతున్న ఫ్లయిట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత విమానం నుంచి దూకేశాడు. తెలుగు కుటుంబం నుంచి వచ్చిన కుర్రవాడు, నిండా ముప్పై లేవు. అతను ఎక్కడ దిగాడో కనిపెట్టడానికి అక్కడే చక్కర్లు కొట్టిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహుజా విమానాన్ని క్షిపణి కూల్చింది. అహుజా ప్రాణాలతో రాలేదు. నచికేత పాకిస్తాన్ సైనికుల చేతికి చిక్కాడు. దెబ్బలు తిన్నాడు. జూన్ 3న రెడ్‌క్రాస్‌కు అప్పగించారు, వాఘా మీదుగా ఇంటికి వచ్చాడు. వెన్నుకు తగిలిన గాయంతో యుద్ధ విమానం వదిలి రవాణా విమానాలు నడిపాడు. తెలుగునాట అందరూ సంతోషించారు. సంతోషించాల్సిందే.

అదే యుద్ధంలో అంతకు పన్నెండు రోజుల ముందు, మే 15న, కక్సర్ ప్రాంతంలో గస్తీకి వెళ్లిన ఆరుగురు కనిపించకుండా పోయారు. దాదాపు నెల దాకా ఎవరికీ ఏమీ తెలియదు. జూన్ 9న పాకిస్తాన్ ఆరు శవాలు అప్పగించింది. చూసినవాళ్లు తట్టుకోలేని స్థితిలో ఉన్నాయి ఆ శవాలు. ఆ గస్తీ నాయకుడు కెప్టెన్ సౌరభ్ కాలియా పేరు దేశమంతా ఎరుగు. మరి మిగతా ఐదుగురు? "మరో ఐదుగురు జవాన్లు" అని రాసి పత్రికలు చేతులు దులుపుకున్నాయి. అర్జున్ రామ్, భన్వర్‌లాల్ బగారియా, భికా రామ్, మూలా రామ్, నరేశ్ సింగ్. ఈ పేర్లు ఇక్కడ రాయడానికి మూడు లైన్లు కూడా పట్టలేదు. పాతికేళ్లలో ఆ మూడు లైన్ల జాగా దొరకలేదంటే అది జాగా కరువు కాదు. ఆఫీసరుకు పేరుంటుంది, సిపాయికి లెక్క ఉంటుంది. మన పత్రికలకే ఈ అలవాటు ఉన్నప్పుడు సర్కారును ఒక్కదాన్నే అని లాభం లేదు.

ఒకరు ఎనిమిది రోజుల్లో వచ్చారు, ఆరుగురు శవాలై వచ్చారు. తేడా ఎక్కడ ఉంది? అదృష్టం కొంత. కానీ పెద్ద తేడా ఒకటి ఉంది. నచికేత చిక్కిన సంగతి పాకిస్తాన్ అదే రోజు లోకానికి చాటింది. తన చేతిలో ఉన్నాడని ఒప్పుకున్నాక అతనికి ఏం జరిగినా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరి 27న వింగ్ కమాండర్ అభినందన్ విషయంలోనూ అదే జరిగింది. అతని వీడియో ప్రపంచమంతా తిరిగింది, మార్చి 1న అతను వాఘా దాటాడు. లోకం కళ్ల ముందు చిక్కినవాడు తిరిగొస్తాడు. చీకట్లో చిక్కినవాడు గల్లంతవుతాడు. 1949 జెనీవా ఒప్పందం మీద రెండు దేశాలూ సంతకాలు చేశాయి. పోరు ఆగగానే బందీలను ఆలస్యం లేకుండా విడిచిపెట్టాలని అందులో రాసి ఉంది. అయితే బందీ ఉన్నాడని ముందు ఒప్పుకుంటే కదా విడిచిపెట్టేది!

చీకట్లో చిక్కినవాళ్ల సంగతికి వద్దాం. 1971 డిసెంబర్ యుద్ధం మనం గెలిచిన యుద్ధం. సైనికులు, పౌరులు కలిపి 93 వేల మంది పాకిస్తానీలు మన చేతికి చిక్కారు. 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందం తర్వాత వాళ్లను రైళ్లెక్కించి పంపడం మొదలుపెట్టి 1974 ఏప్రిల్ నాటికి ముగించాం. అంత పెద్ద బేరం చేతిలో ఉన్నప్పుడు మనవాళ్ల జాడ పూర్తిగా రాబట్టుకోలేకపోయాం. పడమటి సరిహద్దులో కనిపించకుండా పోయిన 54 మంది పేర్లు అప్పటి నుంచి ఇప్పటిదాకా "పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని భావిస్తున్న" జాబితాలో ఉన్నాయి. సైన్యం వాళ్లున్నారు, వైమానిక దళం వాళ్లున్నారు, గన్నర్లున్నారు, లాన్స్ నాయక్‌లున్నారు.

ఇది వట్టి ఊహ అని కొట్టేయడానికి లేదు. మేజర్ అశోక్ సూరి యుద్ధంలో చనిపోయాడని మొదట కబురు పంపారు. 1974 డిసెంబర్ చివరలో అతని తండ్రికి ఒక చీటీ అందింది. తాను క్షేమంగా ఉన్నానని కొడుకు రాసిన చీటీ. 1975లో కరాచీ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. తనతో పాటు ఇరవై మంది ఆఫీసర్లు ఉన్నారని, తమను విడిపించగలిగేది మన సర్కారొక్కటేనని అందులో ఉంది. చేతిరాత కొడుకుదేనని రక్షణ శాఖ నిర్ధారించుకుంది. ఆ తర్వాత ఆ శాఖ చేసిన పని "చనిపోయాడు" కొట్టేసి "గల్లంతయ్యాడు" అని రాయడం. బతికున్నట్టు చేతిరాతతో రుజువు దొరికితే కూడా సర్కారుకు తట్టిన మాట అదే! ఫ్లయిట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే విషయం చూడండి. కూలిన విమానం నుంచి ప్రాణాలతో పట్టుబడినవాళ్లలో ఆయన పేరు అప్పట్లో పాకిస్తాన్ పత్రికలోనే వచ్చింది. ఆయన భార్య దమయంతి తాంబే బ్యాడ్మింటన్‌లో జాతీయ చాంపియన్. ఆట పక్కన పెట్టి ఆమె జీవితమంతా ఆఫీసుల గడపలు ఎక్కి దిగింది. మేజర్ ఎ.కె. ఘోష్ ఫొటో 1971 డిసెంబర్ 27 నాటి టైమ్ పత్రికలో కటకటాల వెనుక కనిపించింది. ఫొటో ఉంది, ఉత్తరం ఉంది, పత్రిక వార్త ఉంది. మనిషి లేడు.

1983లో కొందరు బంధువులు పాకిస్తాన్ వెళ్లివచ్చారు. 2007లో పద్నాలుగు మంది వెళ్లి పది జైళ్లు చూశారు. ఎవరూ దొరకలేదు. యుద్ధం జరిగి ముప్పై ఆరేళ్లయ్యాక, చెప్పి మరీ వచ్చిన వాళ్లకు దొరుకుతారా? తమ దగ్గర ఎవరూ లేరన్నది పాకిస్తాన్ మాట. ఆ దేశం మాట నమ్మాలా వద్దా అన్నది ఒక తగువు. మన సర్కారు మాట ఏమిటన్నది అంతకంటే పెద్ద తగువు. గుజరాత్ హైకోర్టు 2011లో ఈ వ్యవహారాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకుపొమ్మని కేంద్రాన్ని ఆదేశించింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లి 2012లో స్టే తెచ్చుకుంది. 2015లో సుప్రీంకోర్టు సూటిగా అడిగింది, వాళ్లు బతికే ఉన్నారా అని. తెలియదు, చనిపోయి ఉంటారని అనుకుంటున్నాం అన్నది కేంద్రం జవాబు. 2019లో పార్లమెంటులో అదే కేంద్రం చెప్పింది వేరు. ఆ 54 మందితో కలిపి మొత్తం 83 మంది సైనికులు పాకిస్తాన్ చెరలో ఉన్నారని నమ్ముతున్నామని.

కోర్టులో చచ్చిపోయినవాళ్లు పార్లమెంటులో బతుకుతారా? కోర్టులో బతికున్నారంటే అంతర్జాతీయ న్యాయస్థానానికి పోవాల్సి వస్తుంది. పార్లమెంటులో చచ్చిపోయారంటే ఇన్నేళ్లు ఏం చేశారని నిలదీస్తారు. ఎక్కడ ఏ మాట పనికొస్తే అక్కడ ఆ మాట. ఢిల్లీ పెద్దల ఈ రెండు నాలుకల మాటలు మనకు కొత్త కాదు, దశాబ్దాలుగా విన్నవాళ్లం. ఇందులో ఏ ఒక్క పార్టీకీ మినహాయింపు లేదు. 1971 నుంచి ఢిల్లీ గద్దె మీద కూర్చున్న అన్ని రంగుల జెండాలకూ ఈ పాపంలో వాటా ఉంది.

ఈ రెండు నాలుకల మాట ఇంట్లో ఏం చేస్తుందో ఆలోచించండి. భర్త జాడ లేని ఆడబిడ్డ పుస్తె ఉంచుకోవాలా, తీయాలా? ముత్తైదువుల పేరంటానికి పిలవాలా వద్దా అని అమ్మలక్కలు తర్జనభర్జన పడతారు, ఆమె ముందే. దినాలు చేద్దామంటే తల్లి ఒప్పుకోదు, నా కొడుకు బతికుండగా పిండం పెడతారా అని లేస్తుంది. భూమి పట్టా మార్పిడికి పోతే మరణ ధ్రువపత్రం తెమ్మంటారు. ఏడేళ్లు ఎవరికీ జాడ తెలియకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్యాల చట్టం పాతదీ చెప్పింది, 2024లో అమల్లోకి వచ్చిన కొత్తదీ చెప్పింది. చట్టానికి ఏడేళ్లు చాలు. తల్లికి చాలవు. చెల్లె పెళ్లి, తమ్ముడి చదువు, ఇంటి అప్పు, అన్నీ ఆ ఏడేళ్ల దగ్గర ఆగిపోతాయి. డబ్బున్న ఇల్లు వకీలును పెట్టుకుంటుంది, ఢిల్లీకి పోయి గట్టిగా అడుగుతుంది. హిందీ రాని, ఇంగ్లీషు రాని పల్లెటూరి ఇల్లు రెజిమెంటు నుంచి వచ్చిన కాగితాన్ని ఎవరితో చదివించుకోవాలో కూడా తెలియక పంచాయతీ ఆఫీసు ముందు నిలబడుతుంది.

కొంతమంది అంటారు, యుద్ధమన్నాక ఇవన్నీ తప్పవని. నిజమే, కొన్ని తప్పవు. 1962లో చైనాతో జరిగిన యుద్ధంలో మన లెక్క ప్రకారమే 1,696 మంది గల్లంతయ్యారు. మంచుకొండల్లో చెల్లాచెదురైన సైన్యంలో ఎవరు ఎక్కడ కూలారో చెప్పడం ఎవరితరమూ కాలేదు. 1971 డిసెంబర్ 9 రాత్రి అరేబియా సముద్రంలో మునిగిన ఐఎన్ఎస్ ఖుక్రీతో 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. ఆ ఇళ్లకు శవాలు రాలేదు. కానీ జవాబు వచ్చింది. ఏ రాత్రి, ఏ సముద్రంలో, ఏ ఓడలో అన్నది తెలుసు. శవం రాకపోవడం వేరు, జవాబు రాకపోవడం వేరు.

ఇక్కడ మన హైదరాబాదు చరిత్రలోని ముచ్చట ఒకటి చెప్పుకోవాలి, పెద్దగా ఎవరూ తలచుకోరు కనుక. రెండో ప్రపంచ యుద్ధంలో నిజాం సంస్థాన సైన్యం నుంచి ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీని మలయాలోని కోటబారు విమానాశ్రయం కాపలాకు పంపారు. 1941 డిసెంబర్ 8న జపాన్ సైన్యం ఆ తీరం మీదే దిగింది. ఆ పటాలం చెదిరిపోయింది, దాని కమాండరు చనిపోయాడు. రెండు నెలలకు సింగపూర్ లొంగిపోయింది. ఎవరి యుద్ధం, ఎవరి కోసం అన్నది వేరే చర్చ. మనల్ని బానిసలుగా ఏలిన తెల్లోళ్లు కూడా ఆ యుద్ధరంగాల్లో సమాధి దొరకని 24 వేల మందికి పైగా పేర్లు సింగపూర్ క్రాంజిలో రాతి మీద చెక్కించారు. ఊరికే పుణ్యానికి చేశారని అనడం లేదు. ఎవరు పోయారో లెక్క రాసుకున్నారని మాత్రం అంటున్నాం. స్వతంత్ర దేశం తన సిపాయి ఉన్నాడో పోయాడో కోర్టుకు ఒక మాట, పార్లమెంటుకు ఒక మాట చెబుతున్నది.

జాడ తీయడం అసాధ్యం కాదు. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్‌కు బయలుదేరిన ఏఎన్-12 విమానం 102 మందితో కనిపించకుండా పోయింది. శిథిలాలు 2003లో బయటపడ్డాయి. 2024లో, యాభై ఆరేళ్ల తర్వాత, నలుగురి శవాలు మంచులో దొరికాయి. 1984లో సియాచిన్ మంచు కింద పడిపోయిన కుమావ్ రెజిమెంట్ జవాను చంద్రశేఖర్ హర్బోలా శవం 2022 ఆగస్టులో దొరికింది. ఆర్మీ నంబరున్న బిళ్ల అతన్ని గుర్తుపట్టించింది. (కుమావ్ రెజిమెంట్ పాత పేరు హైదరాబాద్ రెజిమెంట్, 1945లో మార్చారు.) అమెరికా ఇందుకోసం ఒక శాఖనే నడుపుతోంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి కనిపించకుండా పోయిన తన సైనికుల ఎముకల కోసం పరాయి దేశాల అడవుల్లో తవ్విస్తుంది, బంధువుల డీఎన్ఏ తీసి పెట్టుకుంటుంది. ఆ దేశం చేసే యుద్ధాలు మనకు నచ్చకపోవచ్చు. తన వాళ్ల ఎముకల పట్ల చూపే పట్టింపు నేర్చుకోవడానికి అభ్యంతరం ఎందుకు?

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకు కొత్త కథ ఒకటుంది. రష్యా, ఉక్రెయిన్ యుద్ధంలోకి మన పిల్లలు పోయారు. దేశం కోసం కాదు, బువ్వ కోసం. సైన్యంలో హెల్పరు ఉద్యోగమని, ముందు వరుసకు పంపరని, మంచి జీతమని ఏజెంట్లు యూట్యూబులో ఊదరగొట్టారు. అక్కడ దిగాక అర్థం కాని భాషలో రాసిన ఒప్పందం మీద సంతకం, చేతికి తుపాకీ. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడు ఒకరు ఆ యుద్ధంలో చనిపోయాడని మన రాయబార కార్యాలయం ప్రకటించింది. అదే నెలలో సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టి దాడులు చేసింది. ప్రధాని 2024 జూలైలో మాస్కో వెళ్లి అడిగాక కొందరిని విడిచిపెట్టారు, సెప్టెంబర్‌లో వచ్చినవాళ్లలో నారాయణపేట జిల్లా యువకుడు ఉన్నాడు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: 126 మంది చేరారు, 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, మిగిలిన 18 మందిలో 16 మంది ఎక్కడున్నారో తెలియదు. ఆ పదహారు మందిని రష్యా ఏ ఖాతాలో రాసిందో ఊహించగలరు. గల్లంతు.

దుబాయ్ ఏజెంటు మోసం చూసిన మన ప్రాంతానికి మాస్కో ఏజెంటు మోసం ఏమిటో అర్థం కావడానికి క్షణం పట్టదు. వేషం మారింది, తిట్టు మారింది, తల్లి ఎదురుచూపు అదే. దేశం యూనిఫాం వేసుకుని పోయినవాడి ఆచూకీకే యాభై ఏళ్లుగా దిక్కు లేనప్పుడు, పరాయి దేశం యూనిఫాంలో ఇరుక్కున్న పేదోడి ఆచూకీ ఎవరు తీస్తారు?

పొద్దున్నే చీకటితో లేచి రోడ్ల మీద పరుగులు తీసే పిల్లలు ప్రతి మండలంలో కనిపిస్తారు. సైన్యం భర్తీ ర్యాలీ కోసం ఛాతీ కొలుచుకుంటూ, బూట్లు అరువు తెచ్చుకుని పరిగెత్తేది ఎవరి పిల్లలు? కైకిలి చేసే ఇంటి పిల్లలు, సాంచెలు నడిపే ఇంటి పిల్లలు. 2022లో వచ్చిన అగ్నిపథ్‌తో వాళ్లలో ఎక్కువమందికి అది నాలుగేళ్ల కొలువే, పింఛను లేదు. నాలుగేళ్ల కొలువులో మూడో ఏట యుద్ధంలో కనిపించకుండా పోయినవాడికి ఏ ఖాతాలో ఏం రాస్తారు? ఎన్నేళ్లు రాస్తారు? భర్తీ ర్యాలీ కరపత్రంలో ఇది ఉండదు. పిల్లవాణ్ని పంపే ముందు అడిగి తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

కనుక మన ప్రాంత ఎంపీలకు ఈ పత్రిక ఒక పని చెబుతోంది. పెద్ద ఉపన్యాసాలు అక్కర లేదు. 1962 నుంచి ఇప్పటిదాకా యుద్ధంలో గల్లంతైన ప్రతి సైనికుడి పేరు, నంబరు, పటాలం, ఊరు, జిల్లా, చివరిసారి ఎక్కడ ఎప్పుడు కనిపించాడు, ఇప్పుడు సర్కారు అతణ్ని బతికున్నట్టు లెక్కిస్తోందా లేదా, ఇవన్నీ సభ ముందు పెట్టమని ప్రశ్న వేయాలి. రష్యాలో జాడ తెలియని వాళ్ల వివరాలు కూడా రాష్ట్రాల వారీగా అడగాలి. జవాబు పార్లమెంటులోనూ సుప్రీంకోర్టులోనూ ఒకటే ఉండాలి. ఆ జాబితాలోని తెలంగాణ ఇళ్లకు ఆ కాగితం తెలుగులో అందాలి. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషితో సహా అందాలి. అది రాష్ట్ర సర్కారు పని. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నది అందుకే.

ఇంకో పని ఉంది, దానికి గడువు ఉంది. 1971లో ఇరవై ఐదేళ్లున్న జవాను అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటినవాళ్లు. తల్లిదండ్రులు దాదాపు ఎవరూ మిగల్లేదు. రేపు ఏ కొండ మీదనో, ఏ జైలు శ్మశానంలోనో నాలుగు ఎముకలు దొరికితే, అవి ఎవరివో చెప్పగలిగేది ఈ ముసలివాళ్ల రక్తమే. ఆ రక్తం చుక్క తీసి భద్రపరచడానికి ఏ దేశం అనుమతీ అక్కర లేదు, ఏ ఒప్పందమూ అక్కర లేదు. ఒక నర్సు, ఒక సీసా, ఒక రిజిస్టరు చాలు. వాళ్లు బతికుండగానే తీయాలి.